మూడో మంచం, పగటి వాటా

ఇంట్లో నలుగురే ఉంటారని ఓనరు చెప్పాడు. కాదని మీటరు చెప్పింది. మీటరమ్మ మీటరు మాటే నమ్మింది.

ఆవిడకి ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ళు కరెంటాఫీసులో పనిచేసి, గడప గడపకీ తిరిగి మీటర్లు చూసింది. ఏ ఇంట్లో ఎందరున్నారో, ఎవరు ఎప్పుడు నిద్ర లేస్తారో అంకెలు చూసి చెప్పేసేది. ఉద్యోగం మానేసి డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాక కూడా జనం ఆ పేరు వదల్లేదు. ఆవిడా వదిలించుకోవాలని చూడలేదు.

"ఇప్పుడు టైము రెండుంపావు," అంది మెట్ల కింద మీటరు పెట్టె మూత ఎత్తి పట్టుకుని. "నలుగురూ కాలేజీకి పోయారన్నారు. పైన పిట్ట కూడా లేదన్నారు. మరి ఈ ఎర్రదీపం ఇంత ఆత్రంగా ఎందుకు కొట్టుకుంటోంది?"

ఓనరు మెడ నిమురుకున్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. చేతిలో తాళాల గుత్తి, మొహంలో విసుగు. "ఫ్రిజ్ అయ్యుంటుంది."

"ఫ్రిజ్ అయితే నింపాదిగా మినుకుతుంది. ఇది పరిగెడుతోంది. పైన ఒక గీజరు, ఒక ఇస్త్రీపెట్టె నడుస్తున్నాయి. మీ ఫ్రిజ్ స్నానం చేసి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోందా?"

ఓనరు మూతి ముడుచుకున్నాడు. మీటరమ్మ వెనక నిలబడ్డ పిన్ని కూడా నవ్వలేదు. ఆవిడకి నవ్వొచ్చే పరిస్థితి కాదు. ఆరు రోజులుగా అక్కకూతురు కనబడటం లేదు. తల్లి పోతే పదేళ్ళ వయసు నుంచి తనే పెంచింది. చిట్టీ అని పిలుస్తుంది. చదువుకోడానికి పరాయిదేశం వచ్చిన చిట్టి రోజూ నిద్రలేచాక సాయంత్రం నాలుగున్నరకి ఫోను చేసేది. పోయిన మంగళవారం చెయ్యలేదు. బుధవారం కూడా చెయ్యకపోయేసరికి పిన్ని విమానం ఎక్కే ప్రయత్నంలో పడింది. నిన్న దిగి మీటరమ్మని పట్టుకుంది. ఇవాళ సోమవారం.

ఇవాళే అయిదు గంటలకి ఇన్‌స్పెక్టరు రిపోర్టు రాసి పంపేస్తాడు. వీసా మీద వచ్చిన పిల్ల తప్పుడు చిరునామా ఇచ్చి పరారైంది, అని. ఆ రిపోర్టు వెళ్ళిపోయిందంటే ఇక చిట్టిని వెతికేవాళ్ళుండరు. పట్టుకుని పంపేసేవాళ్ళుంటారు.

"పైకి పదండి," అంది మీటరమ్మ.

"వారంటు ఉందా?"

"నేను పోలీసుని కాను, వారంటు తేవడానికి. గది అద్దెకి చూడ్డానికి వచ్చాను. మూడో మంచం ఖాళీ అయిందని గేటుకి మీరే చీటీ అంటించారు. చూపించండి."

ఓనరు పళ్ళు కొరుకుతూ మెట్లెక్కాడు.

పై అంతస్తు ఒకప్పుడు ఒకటే హాలు. ఇప్పుడు ప్లైవుడ్ అడ్డుగోడలు పెట్టి నాలుగు ముక్కలు చేశాడు. ఒక్కో ముక్కలో ఒక మంచం, మంచానికి నంబరు, నంబరుకి రెండు వాటాలు. రాత్రి పదినుంచి ఉదయం ఏడుదాకా ఒకరు. ఉదయం ఎనిమిదినుంచి సాయంత్రం నాలుగుదాకా ఇంకొకరు. మధ్యలో గంట దుప్పటి దులుపుకోడానికి. ఇప్పుడు మంచాలన్నీ ఖాళీ, పగటివాళ్ళని ఓనరు ముందే బయటికి పంపేసినట్టున్నాడు. ఓనరు నోట మనుషుల పేర్లు రావు. "మూడో మంచం పగలు" అంటే చిట్టి. "మూడో మంచం పగలు మంగళవారం నాలుగింటికి బ్యాగు సర్దుకుని పోయింది," అన్నాడు, పాలప్యాకెట్టు రాలేదని చెప్పినంత తేలిగ్గా.

మీటరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

పిన్ని అడ్డుగోడ పట్టుకుని ఆ మంచం చూస్తోంది. కిటికీ లేదు. నిలబడి చెయ్యెత్తితే అటక తగులుతుంది. "నాతో కిటికీ ఉందని చెప్పింది," అంది నెమ్మదిగా. "కిటికీలోంచి చెట్టు కనబడుతుంది పిన్నీ అంది. ఎప్పుడూ సాయంత్రం క్లాసుకి ముందు లైబ్రరీలో కూర్చుని ఫోను చేసేది."

చిట్టి ఇక్కడికి సరదాపడి రాలేదు. నలభై ఒక్క ఇళ్ళు చూసిందని పిన్ని దగ్గరున్న మెసేజీలే చెబుతున్నాయి. ఒకరు స్థానికంగా జామీను ఉండేవాళ్ళని తెమ్మన్నారు. ఈ దేశంలో ఒక్క మనిషినీ ఎరగని పిల్ల జామీను ఎక్కణ్ణించి తెస్తుంది? ఒకరు ఏడాది అద్దె ముందే కట్టమన్నారు. ఒకరు గొంతు విని, ఏ దేశమని అడిగి, గది నిన్ననే పోయిందన్నారు. కాలేజీ హాస్టల్లో అడిగితే మూడో ఏడాది చోటు దొరకొచ్చన్నారట. చదువు రెండేళ్ళు. ఆ మాట చెప్పినవాడికి లెక్కలు రావో, సిగ్గు లేదో తెలియదు. నలభై రెండో ఇల్లు ఇది. ఇక్కడ ఏమీ అడగలేదు. అదే చూసి భయపడాల్సింది, కానీ అప్పటికి పిల్ల అలసిపోయింది.

అడ్డుగోడ అవతల ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగింది. ఒక అమ్మాయి తొంగి చూసింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఒంటిమీద కాఫీ దుకాణంలో పనిచేసేవాళ్ళ యూనిఫారం.

"మూడో మంచం రాత్రి," అన్నాడు ఓనరు. "ఖాళీగా ఉందని పగలూ వస్తోంది. దీనికేం తెలీదు."

"ఏమీ తెలియనివాళ్ళతో మాట్లాడ్డం నాకిష్టం. మీరు కాస్త బయట నిలబడండి," అంది మీటరమ్మ.

ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ అగ్రిమెంటక్క అంటారు. ఆ అంతస్తు అగ్రిమెంటులో ఉన్న పేరు ఆమెదొక్కటే. మూడేళ్ళ కిందట ఆమె ఒక్కతే ఉంటుందని ఓనరు సంతకం పెట్టించుకున్నాడు. తర్వాత అడ్డుగోడలు లేచాయి. ఒక్కొక్కరే వచ్చారు. ఇప్పుడు నోరు విప్పితే అక్రమంగా జనాన్ని పెట్టుకున్నది ఆమే అవుతుంది. ఆమెదీ విద్యార్థి వీసాయే.

"ఎన్నాళ్ళుగా ఒకే మంచం మీరిద్దరూ?"

"ఏడు నెలలు."

"ఎలాంటి పిల్ల?"

అగ్రిమెంటక్క తల దించుకుంది. "సరిగ్గా తెలీదు ఆంటీ. మొత్తం కలిపి నాలుగుసార్లు చూసుంటాను. నేను పోయాక వస్తుంది, నేను రాకముందే పోతుంది. పరుపు మీద చోటు మాత్రం తెలుసు. గోడవైపు పడుకుంటుంది."

"మంగళవారం నువ్వు ఎన్నింటికి వచ్చావు?"

"రాత్రి పావుతక్కువ పదికి."

"మంచం ఎలా ఉంది?"

ఆ అమ్మాయి తలుపువైపు చూసింది. తర్వాత మంచం కింద నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి, అందులోంచి తలగడ గలీబు పైకి తీసింది. నీలం పూలది, ఉతికి మడతపెట్టి ఉంది. పిన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ గలీబు కుట్టింది ఆవిడే.

"తలగడ ఒకటే, గలీబులు ఎవరివి వాళ్ళవి. లేవగానే ఎవరిది వాళ్ళం తీసేసి సంచిలో పెట్టుకుంటాం. అదొక్కటే మాకు సొంతం. ఏడు నెలల్లో ఆమె ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. మంగళవారం రాత్రి నేనొచ్చేసరికి తలగడకి ఇదే ఉంది."

"ఓనరు బ్యాగు సర్దుకుని పోయిందంటున్నాడు."

"బ్యాగు లేదు నిజమే. పర్సు కూడా లేదు. కానీ అన్నీ సర్దుకుని ఇది మర్చిపోతుందా? నాకప్పుడే ఏదోలా అనిపించింది. అడిగితే, నీ వీసా సంగతి చూసుకో అన్నాడు." ఆమె గలీబు మడత సరిచేసింది. "ఉతికి దాచాను. అంతకంటే ఏం చెయ్యలేదు."

"ఆరు రోజులు," అంది పిన్ని. "ఆరు రోజులు నువ్వు ఆ మంచం మీదే పడుకున్నావు."

అగ్రిమెంటక్క గలీబుని పిన్ని చేతిలో పెట్టింది. మీటరమ్మకి ఆ పిల్ల మీద కూడా ఒళ్ళు మండింది. కానీ తిట్టాల్సినవాడు తలుపు బయటున్నాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, చంకలో ఫైలు పెట్టుకుని. ఓనరు ఫోను చేసి పిలిపించినట్టున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే లోపలికొచ్చారు.

"మీటర్లు చూడ్డం మానేసి మనుషుల్ని వెతుకుతున్నారా మేడమ్?"

"మీరు వెతకడం మానేశారుగా. ఎవరో ఒకరు చెయ్యాలి."

"వెతికాం. బస్‌స్టాండు, ఎయిర్‌పోర్టు, ఊళ్ళో ఆసుపత్రులన్నీ అడిగాం. ఆ పేరుతో ఎవరూ లేరు." ఫైల్లోంచి ఒక పచ్చకాగితం తీసి ఆవిడ మొహం ముందు ఆడించాడు. "ఇళ్ళ తనిఖీ ఆఫీసువాళ్ళ చీటీ. మంగళవారం పదకొండూ పదికి వాళ్ళొచ్చి చూశారు. ఇంట్లో ఎవరూ లేరు. అగ్రిమెంటులో పేరు ఒకటి, అది మీవాళ్ళమ్మాయిది కాదు. ఆ పిల్ల ఈ ఇంట్లో ఎప్పుడూ లేదు. అయిదింటికి రిపోర్టు పోతుంది."

"మీ ఓనరుగారు ఇప్పుడే మంగళవారం నాలుగింటికి పోయిందన్నారు. అసలు లేని పిల్ల నాలుగింటికి ఎలా పోతుంది?"

ఇన్‌స్పెక్టరు ఓనరు వంక చూశాడు. ఓనరు తాళాల గుత్తి వంక చూసుకున్నాడు.

"ఆ చీటీ ఇలా ఇవ్వండి," అంది మీటరమ్మ. "ఇంత మంచి సాక్ష్యం మీరు తేకపోతే నేనే వెతుక్కోవాల్సి వచ్చేది. చిట్టి రాత్రిపూట పనిచేసే గోడౌన్లో, పని దిగి గేటు దగ్గర కార్డు కొట్టింది ఆరూ నలభైకి. బస్సు ఏడూ అయిదుకి ఎక్కింది, టికెట్టు డబ్బు ఫోన్లో కట్టింది కాబట్టి టైము పడింది. ఇక్కడికి నలభై నిమిషాలు. రాత్రంతా పెట్టెలు మోసిన పిల్ల ఎనిమిదింటికల్లా ఈ మంచం మీద పడుంటుంది. పదకొండూ పదికి మంచం ఖాళీగా ఉందంటే పారిపోయిందని కాదు. ఎవరో నిద్రలో లేపి దాచారని."

"ఊహ," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తనిఖీ వస్తోందంటే పగటివాళ్ళు ఎక్కడికి పోతారు?" అని మీటరమ్మ అగ్రిమెంటక్కని అడిగింది.

 ఆ అమ్మాయి కళ్ళు పైకి పోయాయి.

మీటరమ్మ చెప్పులు విడిచి మంచమెక్కింది. యాభై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు మొరాయిస్తాయి. అయినా ఎక్కింది. గోడనుంచి గోడకి పరిచిన ప్లైవుడ్ అటక అది. మూడు పలకలు పాతవి, దుమ్ముపట్టి నల్లబడ్డాయి. మధ్యది కొత్తది. స్క్రూల తలలు తళతళలాడుతున్నాయి. కింద చూస్తే ఇనప మంచం అంచు ఒకచోట లోపలికి వంగిపోయి ఉంది. అడ్డుగోడ వారన రంపపు పొట్టు ఇంకా ఊడవలేదు.

"ముగ్గురు మనుషులు పడుకుంటే ఆగే పలకలు కావివి. ఎందర్ని ఎక్కించారు?"

ఓనరు తలుపు వైపు జరిగాడు.

"నలుగుర్ని," అంది అగ్రిమెంటక్క. "ఎప్పుడూ నలుగురే ఎక్కుతారు. పగటివాళ్ళు నలుగురు. తనిఖీ వాళ్ళు పోయేదాకా ఊపిరి బిగబట్టుకుని పడుకోవాలి."

"కాలు జారి పడింది," అన్నాడు ఓనరు ఉన్నట్టుండి. "నేనేం తొయ్యలేదు. ఆఫీసువాళ్ళు పోయాక దిగమంటే కంగారుపడి మధ్య పలక మీద కాలేసింది, అది విరిగింది. ఆసుపత్రిలో దింపాను. ఇంకేం చెయ్యమంటారు? ఈ ఊళ్ళో ఇంకెవరైనా వీళ్ళకి ఇల్లిచ్చారా? ఇచ్చిన పాపానికి నన్నంటారేంటి?"

"బ్యాగు, పర్సు కూడా ఆసుపత్రిలో దింపారా?"

"కారు డిక్కీలో ఉన్నాయి," అన్నాడు గొణుగుతూ.

పిన్ని ఓనరు మీదికి రెండడుగులు వేసింది. మీటరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆపాలని లేదు. ఆవిడ కొడితే తను పక్కన నిలబడి చూడాలనే ఉంది. కానీ టైము మూడూ ఇరవై.

"ఆసుపత్రులన్నీ అడిగాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు మళ్ళీ. ఈసారి గొంతులో బింకం సగానికి దిగింది. "ఆ పేరుతో లేదు."

మీటరమ్మ అప్పటికే తలుపు వెనక గోడకేసి చూస్తోంది. అక్కడ నాలుగు గుండుసూదులున్నాయి. వాటి మధ్య గోడ కాగితమంత మేర తెల్లగా ఉంది. ఒక సూదికి చిరిగిన మూల ఇంకా వేలాడుతోంది.

"ఇక్కడ ఏముండేది?"

"నా కాలేజీ కార్డు జిరాక్సు," అంది అగ్రిమెంటక్క. "ఎవరైనా వచ్చి అడిగితే చూపించడానికి. ఎవరడిగినా అందరం నా పేరే చెప్పాలి. చేరిన మొదటిరోజే బట్టీ పట్టిస్తాడు. నిద్రలో లేపి అడిగినా ఆ పేరే రావాలంటాడు. ఫొటో నల్లగా పడింది, ఎవరిదో తెలీదు. తెలిసినా ఎవరు చూస్తారు? ఈ దేశంవాళ్ళ కళ్ళకి మేమంతా ఒకటే."

ఇన్‌స్పెక్టరు ఫైలు మూశాడు.

"మీరు అన్ని ఆసుపత్రులూ అడిగారు. నిజమే," అంది మీటరమ్మ. "తప్పు పేరు అడిగారు."

ఏ ఆసుపత్రో ఓనరు నోట చెప్పించి, అక్కడికి ఫోను చేసి, స్పీకరు పెట్టి, అగ్రిమెంటక్క పేరు చెప్పింది. నర్సు వెతకడానికి అరనిమిషం కూడా పట్టలేదు.

"ఉన్నారండీ. మంగళవారం పన్నెండుంపావుకి చేరారు. మేనమామనని చెప్పి ఒకాయన తీసుకొచ్చారు."

పిన్ని నేలమీద కూలబడింది. "ఉందా? బతికే ఉందా?"

"తలకి దెబ్బ. తుంటి ఎముక విరిగింది. తలలో వాపు తగ్గేదాకా ఆగి, ఇవాళ ఆపరేషనుకి తీసుకున్నారు. ఆ మేనమామ మళ్ళీ రాలేదు, ఫోను నంబరు కూడా కలవలేదు. మీరు బంధువులైతే త్వరగా రండి."

"పేరు మీకెవరు చెప్పారు?" అని అడిగింది మీటరమ్మ.

"కార్డు జిరాక్సు ఇచ్చారు. ఆ అమ్మాయీ అదే చెబుతోంది. కాస్త తెలివొచ్చినప్పుడల్లా ఆ పేరొక్కటే. ఇంకేం అడిగినా జవాబు లేదు పాపం."

మీటరమ్మకి కళ్ళు మండాయి. ఎముక విరిగి, తల పగిలి, మనసు సగం మసకబారిన పిల్లకి గుర్తున్నది వీడు నేర్పిన పాఠమొక్కటే.

పిన్ని ఉన్నట్టుండి లేచి ఫోను దగ్గరికొచ్చింది. "ఆపరేషనంటే మత్తుమందు ఇస్తారా?"

"ఇవ్వకుండా ఎలా చేస్తారమ్మా? కంగారుపడకండి. కాలేజీ ఆసుపత్రి నుంచి ఈ అమ్మాయి ఫైలు తెప్పించాం. అంతా మామూలే, పడని మందులేవీ లేవని రాసుంది."

"అది నా ఫైలు," అంది అగ్రిమెంటక్క.

పిన్ని మాటలు తడబడ్డాయి. "వద్దు. మత్తు ఇవ్వొద్దు. మా అక్క అలాగే పోయింది. చిన్న ఆపరేషనమ్మా, మత్తుమందు ఇచ్చాక ఒళ్ళు కాలిపోయి, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి, టేబుల్ మీదే పోయింది. అది రక్తంలో వస్తుందట. చిట్టికీ ఉందని పరీక్ష చేసి చెప్పారు. దానికి వేరే మందులివ్వాలి. పర్సులో డాక్టరు రాసిన కార్డు పెట్టుకుని తిరుగుతుంది."

పర్సు కారు డిక్కీలో ఉంది. మీటరమ్మ ఓనరు వైపు తిరిగింది. వాడు ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఆ అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళి అయిదు నిమిషాలైందండీ," అంది నర్సు. గొంతు మారింది. "మీరెవరో నాకు తెలీదు. ఎవరో ఫోన్లో చెబితే ఆపరేషను ఆపమని నేనెలా చెప్పను? ఫైల్లో పేరు స్పష్టంగా ఉంది. కార్డు ఉంది. పేషెంటే స్వయంగా చెప్పింది."

అగ్రిమెంటక్క చెయ్యి చాపింది.

"నోరు ముయ్యి," అన్నాడు ఓనరు. "పోలీసు ఎదురుగా ఉన్నాడు. ఒక్క మాటన్నావంటే నీ వీసా పోతుంది. నీ మూడేళ్ళ చదువు పోతుంది. ఆలోచించుకో."

ఆ అమ్మాయి ఇన్‌స్పెక్టరు మొహంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు, ఏమీ చెప్పనూ లేదు. ఆమె మీటరమ్మ చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఆ ఫైల్లో పేరు నాది," అంది. "పుట్టిన తేదీ అడగండి, కార్డు నంబరు అడగండి, అమ్మ పేరు అడగండి, చెబుతాను. నాకు తుంటి విరగలేదు. ఇక్కడ నిలబడే ఉన్నాను. మీ టేబుల్ మీద ఉన్నది నేను కాదు. ఆమెకి మత్తు ఇస్తే చచ్చిపోతుంది. పరిగెత్తండి."

అవతల ఫోను దేనిమీదో పడింది. కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత వరండాలో దూరమైపోతున్న చెప్పుల చప్పుడు. ఇన్‌స్పెక్టరు ఓనరు చేతిలోంచి తాళాల గుత్తి లాక్కుని డిక్కీ తెరవడానికి మెట్లు దిగాడు. పిన్ని ఆయన వెనకే పరిగెత్తింది. అగ్రిమెంటక్క ఫోను చెవికి అదుముకుని నిలబడింది. లైను ఇంకా తెగలేదు. అవతల ఎవరూ తిరిగి రాలేదు.